తిరుపతిలో కర్పూరం వాసన

నగరి,
జూన్ 10.

చిరంజీవి డాక్టర్ మోహన్‌కృష్ణకు మేనత్త ఉదయలక్ష్మి ఆశీస్సులు.

పేరుకు ముందు డాక్టర్ అని తగిలించాను, తృప్తేనా? అది లేకపోతే నువ్వు కవరు చింపవని నాకు తెలుసు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చెవికి మిషన్ పెట్టుకున్నా ఫోన్‌లో నీ మాట వినబడదు, నీ తొందర ఒక్కటే వినబడుతుంది. కాగితమైతే మధ్యలో "సరే అత్తా, పేషెంట్ వచ్చాడు" అని పెట్టేయడానికి ఉండదు. జవాబు కూడా కాగితం మీదే రాయి.

విషయం మా పక్కింటి నాగులమ్మ మనవడిది. ఆమెను నువ్వు మరిచిపోయి ఉంటావు. ఆమె ఇంటి మరమగ్గాల చప్పుడులోనే నువ్వు పాకడం నేర్చుకున్నావు. ఆమె కొడుకు మురుగేష్, కోడలు చంద్రిక, మనవడు శరవణకు రెండేళ్ళు. పోయిన నెల ఇరవయ్యో తేదీ కొండమీద పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించి దిగి వస్తుంటే బస్సులో ఫిట్స్ వచ్చాయి. మీ ఎమర్జెన్సీకి తెచ్చారు. చూసిన మహానుభావుడివి నువ్వే. చీటీ కింద నీ సంతకం ఉంది.

ఆ చీటీ నాలుగుసార్లు చదివాను. జ్వరం లేదు. తల స్కాన్ బాగుంది. రక్తపరీక్షలు బాగున్నాయి. అన్నీ బాగున్నాయి కాబట్టి ఇది మూర్ఛరోగమే అని తేల్చి, రోజూ తాగమని సిరప్ రాశావు. కారణం కనబడకపోతే కారణమే లేదని అర్థమని ఏ పుస్తకంలో ఉంది? కింద ఇంకొక లైను రాశావు: తల్లి తరపు బంధువుల్లో మూర్ఛ ఉంది. ఆ ఒక్క లైను ఇక్కడ ఏం చేసిందో చెబుతాను విను.

మురుగేష్ దాన్ని మెడికల్ షాపు అతనితో చదివించుకున్నాడు. చంద్రికకు ఇప్పుడు మూడో నెల. నాగులమ్మ నా దగ్గరికి వచ్చి ఏమందో తెలుసా? "రోగం దాని వంశంలోనే ఉండాదంట అక్కా. డాక్టరే రాసిచ్చినాడు. ఇంగొకడు పుడితే వాడికీ ఇదే కదా. కడుపు తీసేయించుకోనొస్తే ఇంట్లోకి రానిస్తా, లేకుంటే పుత్తూరులో వాళ్ళమ్మ కాడే ఉండమను."

ఇంతకీ నువ్వు రాసిన ఆ బంధువు చంద్రిక మేనమామ. లారీ మీద నుంచి పడి తల పగిలాక అతనికి ఫిట్స్ వచ్చాయి. లారీ మీద నుంచి పడటం కూడా వంశపారంపర్యమేనా నాయనా?

ముప్పై ఆరేళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో పనిచేశాను. స్పృహ తప్పిన పేషెంట్‌ను తెస్తే ముందు వంగి నోటి వాసన చూసేదాన్ని. పురుగుమందా, కిరసనాయిలా, సారాయా అని డాక్టరు రాకముందే చెప్పేదాన్ని. ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఒంటికి ఏం పూశారు అని అడిగేదాన్ని. నువ్వేమడిగావో రాయి.

ఇట్లు,
ఉదయలక్ష్మి


తిరుపతి,
జూన్ 14.

ఉదయలక్ష్మి అత్తకు మోహన్ నమస్కారాలు.

ఉత్తరం అందింది. నువ్వు రిటైరై తొమ్మిదేళ్ళయింది. నోటి వాసన చూసి రోగం చెప్పే వైద్యం కూడా నీతోనే రిటైరైంది. ఇక్కడ మేము మాస్కులు పెట్టుకుంటాము. కావాలంటే ఒకటి పంపిస్తాను.

ఆ రోజు నా షిఫ్టులో తొంభై ఆరుగురు వచ్చారు. అందులో ఈ పిల్లవాడు ఒకడు. జ్వరం లేకుండా పది నిమిషాలు ఫిట్స్ వచ్చాయి. మా ఆసుపత్రి పద్ధతి ప్రకారం చేయవలసినవన్నీ చేశాను. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉన్నాయా అని అడిగాను, తల్లి ఉన్నాయంది, రాశాను. దాన్ని వీధిలో చదివించుకుని కోడలిని వెళ్ళగొడితే అది నా వైద్యం తప్పా? మీ నాగులమ్మకు చదువు రాకపోవడానికి కూడా నేనే కారణమని రాయి, ఒప్పుకుంటాను.

ఆవిడ సంగతి నాకు బాగా గుర్తుంది. మంచం పక్కన నిలబడి దిష్టి తగిలిందని ఒకసారి, గాలి సోకిందని ఒకసారి నాకు పాఠం చెబుతుంటే బయటికి పంపించాను. కోడలు కూడా నూనె నూనె అని ఏదో గొణిగింది. తలకు నూనె రాయని ఇల్లు మన జిల్లాలో ఎక్కడుంది? అన్నీ వింటూ కూర్చుంటే మిగిలిన తొంభై ఐదుగురిని ఎవరు చూడాలి?

మందు మానొద్దని చెప్పు. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? అమ్మ బాగుంది. నీ ఉత్తరం వచ్చిందని చెబితే ఎప్పటిలాగే "ఊఁ" అంది.

మోహన్


నగరి,
జూన్ 24.

చిరంజీవి మోహన్‌కు,

మాస్కు పంపించొద్దు, నువ్వే ఇంకొకటి పెట్టుకో, ఈసారి కళ్ళకు.

పోయిన శనివారం శరవణకు మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. మురుగేష్ నీకు ఫోన్ చేస్తే, ఎక్కడికో నడుస్తూ "డోసు పెంచండి" అన్నావట. పిల్లవాడి బరువెంత అని అడగలేదు. మందు ఎలా పోస్తున్నారని అడగలేదు. ఒకసారి తెచ్చి చూపించమని కూడా అనలేదు. దర్జీ కూడా కొలత చూడకుండా చొక్కా పెద్దది చేయడు కదా.

రెండోసారి రావడంతో నాగులమ్మకు నమ్మకం కుదిరింది, నీ మీద. ఆదివారం చంద్రికను పుత్తూరు పంపించేశారు. బిడ్డను మాత్రం ఇవ్వలేదు. కడుపు తీయించడానికి వచ్చే నెల పద్దెనిమిదో తేదీ అని అక్కడొక నర్సింగ్‌హోమ్‌లో మాట్లాడారు. ఆ పిల్ల బస్సెక్కేటప్పుడు ఏడవలేదు. నా చేయి పట్టుకుని "నువ్వయినా సెప్పు పెద్దమ్మా, డాక్టరు మీ ఇంటోడే కదా" అంది. మా ఇంటివాడివని చెప్పుకోవడానికి నాకు ఆ రోజు సిగ్గేసింది. ఈ ముక్క కోపంలో రాయలేదు, బాగా ఆలోచించే రాశాను.

నీ ఉత్తరంలో నువ్వే రాశావు, చంద్రిక నూనె అని గొణిగిందని. ఏ నూనె? నీకు ముక్కుంది కదా, ఎంత మాస్కు పెట్టుకున్నా. ఆ రోజు పిల్లవాడి దగ్గర ఏ వాసన వచ్చింది? అదొక్కటి రాస్తే చాలు. నీ పాండిత్యం అక్కర్లేదు.

ఉదయలక్ష్మి


తిరుపతి,
జూన్ 27.

అత్తకు,

కర్పూరం వాసన వచ్చింది. రాశాను, సంతోషమా?

ఇది తిరుపతి అత్తా. కొండ దిగి వచ్చే ప్రతి మనిషి దగ్గరా అదే వాసన. గుండు, గంధం, కర్పూరం. గుండెపోటు వచ్చినవాడు అదే వాసనతో వస్తాడు, కాలు విరిగినవాడూ అదే వాసనతో వస్తాడు. మా స్ట్రెచర్లు, దుప్పట్లు, లిఫ్టు అన్నీ అదే వాసన. నేనిక్కడ చేరిన కొత్తలో తెలిసేది, ఇప్పుడు తెలియనే తెలియదు. కర్పూరం వాసన వచ్చిన ప్రతివాడినీ విషం కేసని రాసుకుంటే ఊరంతటినీ ఐసీయూలో పడుకోబెట్టాలి.

విషాల గురించి నువ్వు నాకు నేర్పాలా? పోయిన నెలే మా జూనియర్లకు రెండు గంటలు క్లాసు చెప్పాను. నలభై స్లైడ్లు. కారణం తెలియని ఫిట్స్ చూస్తే ముందు విషాన్ని అనుమానించాలని మొదటి స్లైడే. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ అమ్మాయి సంగతి బాధగానే ఉంది. కానీ అత్తాకోడళ్ళ గొడవకు మందు మా ఫార్మసీలో లేదు.

మోహన్


నగరి,
జూలై 3.

మోహన్‌కు,

ఈ ఉత్తరం తెచ్చేది మురుగేష్. అతని చేతుల్లో ఉన్న పిల్లవాడిని ముందు చూడు. తర్వాత చదువు.

చూశావా? నిలబెడితే తాగినవాడిలా తూలుతున్నాడు. కళ్ళు పక్కకు తిప్పితే గుడ్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. నిన్నటి నుంచి వాంతులు. పిలిస్తే పలకడు, మత్తు. ఇది మూర్ఛ కాదు. ఇది నీ సిరప్. నువ్వు ఫోన్‌లో నడుస్తూ నడుస్తూ పెంచిన డోసు. దానికి తోడు సీసాను ఊపకుండా పోశారు. ఇన్నాళ్ళూ పైన తేలిన పల్చటిది తాగాడు, ఇప్పుడు అడుగున చిక్కగా దిగిన మందు లోపలికి పోతోంది. ఊపాలని ఎవరూ చెప్పలేదట. రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేయించు. నేను చెప్పానని కాదు, నీ నలభై స్లైడ్లలో ఉండే ఉంటుంది.

ఇక మొదటి సంగతి. నువ్వు వెటకారానికి రాసిన కర్పూరం మాట ఒక్కటే నాకు పనికొచ్చింది. పోయిన ఆదివారం పుత్తూరు బస్సెక్కి చంద్రిక దగ్గరికి వెళ్ళాను. నూనె సంగతేమిటని అడిగితే ఆ పిల్ల నా మొహం చూసి, "ఇన్నాళ్ళకు అడిగినారు" అంది. తర్వాత మొత్తం చెప్పింది.

"కొండమీద గుండు గీసేటప్పుడు రొండు మూడు గాట్లు పడినాయి పెద్దమ్మా. సన్నీళ్ళు పోసినారు, బిడ్డకు ముక్కు కారబట్టింది. మా అత్త తెచ్చుకున్న కర్పూరం నూనె తలకంతా పట్టించింది, రొమ్ముకు రాసింది. గొంతులో గల్ల తెగుతాదని వేలితో నాలిక్కి కూడా పూసింది, రొండుమూడు తూర్లు. గంటకంతా బస్సులో బిగుసుకోని పోయినాడు. రొండోతూరి కూడా జలుబని నూనె రాసిన దినమే. ఆస్పత్రిలో డాక్టరుకు సెప్పినా. ఆయన ఇనలా."

తిరిగొచ్చి నాగులమ్మ సీసా చూశాను. ఆమె పోస్తున్నది తీర్థంలో చిటికెడు వేసే పచ్చకర్పూరం కాదు, హారతి బిళ్ళలు. కొబ్బరినూనెలో డబ్బాకు డబ్బా కరిగించింది. సీసా తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఫిట్స్ లేవు, నీ మందు మత్తు తప్ప.

ఆ నూనె ఎవరో పాతకాలపు మనిషి ఆమెకు చెప్పిందట. ఎవరైతేనేం.

పద్దెనిమిదో తేదీకి ఇంకా పదిహేను రోజులుంది. నువ్వు రాసిన ఆ లైను నువ్వే కొట్టేసి కొత్త చీటీ రాసి పంపు. ఈసారి చదివేవాళ్ళకు అర్థమయ్యేలా తెలుగులో రాయి.

ఉదయలక్ష్మి


తిరుపతి,
జూలై 6.

అత్తకు,

శరవణను చేర్చుకున్నాను. రక్తంలో మందు ఉండవలసినదానికి రెండింతలకు పైగా ఉంది. ఆపేశాను. ఈ మందు డోసు కొంచెం పెంచితే రక్తంలో చాలా పెరుగుతుందని చదువుకునే రోజుల్లోనే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నిన్న సాయంత్రం పిల్లవాడు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. ఇవాళ గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. ఇంకా తూలుతున్నాడు, కానీ కళ్ళు నిలిచాయి.

ఏం రాయమంటావు? కర్పూరం నా స్లైడ్లలో ఇరవై మూడోది. పిల్లలకు అతి తక్కువ మోతాదులోనే ఫిట్స్ తెప్పిస్తుందని నేనే చదివి వినిపించాను. ఆ వాసన నా ముక్కు కిందే ఉంది, చెప్పడానికి తల్లి పక్కనే ఉంది. నేను మాత్రం ఆమె మేనమామను పట్టుకున్నాను. ఒక విషాన్ని గుర్తుపట్టలేక రెండో విషం రాసిచ్చాను. నువ్వు ఎంత తిట్టినా తక్కువే, కాబట్టి ఇక తిట్టకు.

చీటీ ఇందులో పెట్టాను. ఇది మూర్ఛరోగం కాదని, కర్పూరం వల్ల వచ్చిందని, తల్లి వంశానికి ఏ సంబంధమూ లేదని, కడుపులో బిడ్డకు దీనివల్ల ప్రమాదం లేదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ముద్ర వేసి సంతకం చేశాను.

ఒక్క సంగతి. ఈసారి నాగులమ్మను బయటికి పంపకుండా కూర్చోబెట్టి అడిగాను. నూనె ఎవరు చెప్పారమ్మా అంటే "ఒక నర్సమ్మ" అంది. ఏ నర్సమ్మ అంటే కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. నీ ఉత్తరంలోనేమో పాతకాలపు మనిషి అని ఉంది. ఆ రోజుల్లో మీ వీధిలో నర్సులు ఎంతమంది ఉండేవాళ్ళు అత్తా?

మోహన్


నగరి,
జూలై 9.

మోహన్‌కు,

చీటీ అందింది. నీ చేతిరాత ఇంత బాగుంటుందని తెలియదు, తప్పు చేసినప్పుడే బాగా వస్తుందేమో.

చీటీ పని చేయలేదు. మురుగేష్ మెత్తబడ్డాడు కానీ తల్లి మాట దాటేవాడు కాదు. బట్టల కోసం నిన్న ఇంటికొచ్చిన నాగులమ్మ నమ్మడం లేదు. "కర్పూరం దేవుడిది, అది ఇసమెట్లయితాది? డాక్టరు ముందొకటి రాసినాడు, ఇప్పుడొకటి రాసినాడు, రేపింగొకటి రాస్తాడు" అంటోంది. మొండి మనిషి.

నర్సుల లెక్క నీకెందుకు? ముప్పై ఏళ్ళ కిందటి మాటలు తవ్వుకుంటూ కూర్చుంటే పద్దెనిమిదో తేదీ ఆగుతుందా? నువ్వు డాక్టరువి, ఒకసారి వచ్చి ఆమెకు నచ్చజెప్పు. నాకు ఈ వారం మోకాళ్ళు బాగా లేవు, గడప దాటలేను.

ఉదయలక్ష్మి


తిరుపతి,
జూలై 12.

అత్తకు,

పుత్తూరు దాకా బస్సులో వెళ్ళిన మోకాళ్ళు పక్కింటికి వెళ్ళలేకపోతున్నాయి. విచిత్రమైన మోకాళ్ళు.

నిన్న శరవణను ఇంటికి పంపించాను. నాగులమ్మ వెళ్ళేముందు నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. "నీకు రాసేది సూసే నేర్చుకున్నా నాయనా. మీ అత్త నిన్ను ఒళ్ళో ఏసుకోని వాకిట్లో కూర్చోని దినామూ రాస్తా ఉండె, నాలిక్కి పూస్తా ఉండె. పెద్ద నర్సమ్మ, ఆయమ్మకు తెలీకుండా ఉంటాదా అని నేనూ పట్టుకున్నా. నూనె తప్పయితే ఆయమ్మే వచ్చి సెప్పాల. చీటీలు నాకొద్దు."

మొన్న నువ్వు రాయకుండా దాచిన మాట ఇదే కదా.

ఇంటికెళ్ళి అమ్మను అడిగాను. ఆమె బీరువాలోంచి పాత కాగితాల సంచి తెచ్చి నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అందులో నా చిన్నప్పటి చీటీలున్నాయి. ఏడాదిన్నర వయసులో ఫిట్స్. రెండేళ్ళకు మళ్ళీ. ఐదేళ్ళు వచ్చేదాకా మందు తాగాను. నీకు చిత్తూరు బదిలీ అయిన ఏడాదే నాకు ఫిట్స్ ఆగిపోయాయి. మందు పనిచేసిందని ఇంట్లో అందరూ అన్నారు.

ఆ సంచిలోనే ఇంకొక కాగితం. పిల్లలు పుట్టకుండా అమ్మకు చేసిన ఆపరేషన్ కాగితం. అప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్ళు, నాకు రెండు. సాక్షి సంతకం నీది. నాకు తోబుట్టువులు ఎందుకు లేరని చిన్నప్పుడు అడిగితే నువ్వే చెప్పావు, మీ అమ్మ వైపు రక్తంలో ఫిట్స్ ఉన్నాయి, ఇంకొకడు పుడితే వాడికీ ఇదే అని. నాగులమ్మ చంద్రికను అన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఇదే. నీ దగ్గర ఆమె నేర్చుకున్నది నూనె ఒక్కటే కాదు.

నేను ఒక లైను రాసినందుకు నెలరోజులు నన్ను ఉతికి ఆరేశావు. సబబే. నీ లైను ముప్పై రెండేళ్ళుగా మా అమ్మ మీద ఉంది.

పద్దెనిమిదికి ఇంకా ఆరు రోజులుంది. నేను రాను. నేనొచ్చి చెబితే ఆమె నమ్మదు.

మోహన్


నగరి,
జూలై 17.

చిరంజీవి మోహన్‌కు,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులు బల్ల మీద ఉంది. రోజూ అదే నూనె మోకాళ్ళకు రాసుకుంటూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. శరవణ నా ఒళ్ళో ఎన్నిసార్లో ఆడుకున్నాడు, వాడి తల వాసన నాకు తెలియనే లేదు. తెలిసేదెలా? మా ఇల్లంతా అదే వాసన. తిరుపతి సంగతి రాసి నువ్వు నన్ను నవ్వించాలనుకున్నావు. నీది ఊరు, నాది ఇల్లు, అంతే తేడా.

నిన్న నాగులమ్మ ఇంటికి వెళ్ళాను. మగ్గాలు నడుస్తున్నాయి, నా మాట నాకే వినబడదు. ఆపమన్నాను. ఆపేసరికి పనివాళ్ళు, పక్కింటివాళ్ళు ఏమిటోనని పోగయ్యారు. పోతే పోయారనుకుని అందరి ముందే చెప్పాను. "నూనె నేను నేర్పినాను. నేనే తప్పు. మోహన్‌కు ఫిట్స్ వచ్చింది దానివల్లే, శరవణకు వచ్చింది దానివల్లే. చంద్రిక వంశంలో ఏ రోగమూ లేదు" అన్నాను. నాగులమ్మ చాలాసేపు నన్నే చూసింది. "ఇన్నేండ్లు పెద్ద నర్సమ్మ అని నీ మాట వేదవాక్కుగా ఇంటా ఉంటిమే అక్కా" అంది. అంతే అంది. ఎప్పుడూ నన్ను గొప్పగా చూసే మనిషి నిన్న నన్ను చులకనగా చూసిన చూపు నాకు ఇంకా తగులుతూనే ఉంది. అలా చూడటం నా అలవాటు, ఇంకొకరు నన్ను చూడగా ఎరగను.

ఇవాళ పొద్దున మురుగేష్ పుత్తూరు వెళ్ళి చంద్రికను తీసుకొచ్చాడు. రేపటి నర్సింగ్‌హోమ్ మాట రద్దయింది. శరవణ తల్లిని చూసి పరిగెత్తబోయి ఒకసారి తూలాడు, పడలేదు. చంద్రిక వాడిని ఎత్తుకుని అత్త ముఖం చూడకుండా లోపలికి వెళ్ళింది. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి.

నిన్ను తిట్టిన తిట్లలో ఒక్కటీ వెనక్కి తీసుకోను. అవన్నీ నాకు కూడా వర్తిస్తాయి, అంతే.

ఇందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. మీ అమ్మకు ఇవ్వు. నువ్వు చదవొద్దు. ఆమె ఊరికే చింపేసినా ఏమీ అనకు.

ఉదయలక్ష్మి


తిరుపతి,
జూలై 21.

ఉదయలక్ష్మి వదినకు వసంతమ్మ రాసేది.

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదు. నీ కాగితం మోహన్ చదవకుండానే ఇచ్చాడు. రెండుసార్లు చదివాను. బాగా రాశావు. నువ్వు ఎప్పుడూ బాగానే రాస్తావు. ఆ రోజు ఆసుపత్రి ఫారం కూడా నువ్వే నింపావు, నేను కింద సంతకం పెట్టాను.

తప్పు తెలియక చేశానని రాశావు. నూనె తెలియక రాశావు, ఒప్పుకుంటాను. నా బిడ్డకు బాగా కావాలనే రాశావు. కానీ మా వాళ్ళ రక్తంలో రోగం ఉందని నీకెవరు చెప్పారు వదినా? మా వైపు ఏడు తరాల్లో ఎవరికీ లేదని నేను చెబితే, నీకేం తెలుసు కూర్చో అన్నావు. మీ తమ్ముడు నీ మాట విన్నాడు. ఆయన పోయేదాకా ఆ మాటే నమ్మాడు. అది కూడా తెలియక చేసిన తప్పేనా?

చంద్రిక కోసం మగ్గాలు ఆపించి, నలుగురిని నిలబెట్టి చెప్పావట. మోహన్ చదివి వినిపించాడు. మంచి పని చేశావు, ఆ పిల్లకు నాకు పట్టిన గతి పట్టలేదు. నాకు మాత్రం నాలుగు మడతలు పెట్టి కవరులో పంపించావు. నన్ను అన్నప్పుడు మడతలు పెట్టలేదు కదా. మీ అమ్మ ముందు అన్నావు, మా అమ్మ ముందు అన్నావు, ఆ వీధిలో వినడానికి చెవులున్న ప్రతివాళ్ళ ముందూ అన్నావు. ముప్పై రెండేళ్ళు సీమంతాలకు నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టారు.

శుక్రవారం పదిగంటల బస్సుకు వస్తున్నాను. మీ ఇంటికి రాను. చంద్రికను చూసి, నాగులమ్మ వాకిట్లో కూర్చుంటాను. మగ్గాలు ఆపి ఉంచమని మురుగేష్‌కు చెప్పించాను. నువ్వు అక్కడికి రా. నీ చెవులకు వినబడదని దిగులు పడొద్దు. ఈసారి మాట్లాడవలసింది నువ్వు, వినవలసింది నేను.

వసంతమ్మ